పంచాంగంలో ప్రింటర్‌కి ఒక గడి

ఏటా ఉగాదికి వచ్చే పంచాంగంలో రాహుకాలం ఉంటుంది, వర్జ్యం ఉంటుంది, దుర్ముహూర్తం ఉంటుంది. ఎవరికి ఎంత ఆదాయమో, ఎంత అవమానమో కూడా లెక్కగట్టి వేస్తారు. లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే కంప్యూటర్‌లో ప్రింటర్ సర్వీసు ఏ ఘడియలో లేస్తుందో మాత్రం ఇంతవరకు ఒక్క సిద్ధాంతిగారూ రాయలేదు. ఈ లోటును వచ్చే ఏడాదికైనా పూడ్చాలని పంచాంగకర్తలను సవినయంగా కోరుతున్నాను.

నవ్వేవాళ్లు నవ్వండి, నా దగ్గర ఆధారం ఉంది. 2009 ప్రాంతంలో ఉబుంటు అనే లినక్స్ రకం వాడే ఒకాయనకు ఆయన భార్య ఒక ఫిర్యాదు చేసింది. ఉత్తరాలవీ రాసుకునే ఓపెన్ ఆఫీస్ నుంచి మంగళవారం నాడు ప్రింట్లు రావట! మిగతా ఆరు రోజులూ శుభ్రంగా వస్తాయట. ఇలాంటి మాట వింటే ఏ మొగుడైనా ముందు నవ్వుతాడు. తీరా తవ్వి చూస్తే ఆవిడే రైటు. ప్రింటుకు వెళ్లే ఫైలులో అది తయారైన తేదీ ఉంటుంది. ఆ ఫైలు ఏ జాతిదో చూసి చెప్పడానికి 'ఫైల్' అనే ఒక చిన్న ప్రోగ్రాం ఉంది. ఫలానా చోట టి, యు, ఇ అనే మూడు అక్షరాలు కనబడితే అది ఎర్లాంగ్ అనే ప్రోగ్రామింగ్ భాషకు చెందిన ఫైలని దాని నమ్మకం. ఇంగ్లిషులో మంగళవారం మొదలయ్యేది ఆ మూడు అక్షరాలతోనే. ఇంకేముంది, వారానికోసారి మామూలు ఉత్తరం కూడా ఎర్లాంగ్ ఫైలై, ప్రింట్ కాకుండా కూర్చునేది. మంగళవారం గోళ్లు తీయొద్దని, అప్పు ఇవ్వొద్దని మన పెద్దలు ఎప్పుడో చెప్పారు. బగ్ రిపోర్టు రాయలేదు, అంతే తేడా.

ఇక నా సంగతి. ఆ రోజూ మంగళవారమే. మేనకోడలికి మర్నాడు ఉదయం పరీక్ష, హాల్ టికెట్ ప్రింట్ కావాలి. నొక్కాను. రాలేదు. మర్యాదగా మళ్లీ నొక్కాను. మొత్తం పదకొండు సార్లు నొక్కాక, లోపం నాలాంటి చదువుకున్నవాడు సరిచేయవలసిన స్థాయిదని నిర్ధారించుకుని కప్స్ అనే ఆ ప్రింటర్ సర్వీసు సెట్టింగుల ఫైలు తెరిచాను. నెట్‌లో చూసి రెండు లైన్లు కలిపాను. సేవ్ చేసి సర్వీసును రీస్టార్ట్ చేశాను. అప్పటిదాకా సర్వీసు నడుస్తూ ప్రింట్ రాలేదు. ఇప్పుడు సర్వీసే పడిపోయింది. దీన్నే పురోగతి అంటారు.

సర్వీసులన్నిటినీ లేపే పెద్ద పాలేరు పేరు సిస్టమ్‌డీ. ఏమైందయ్యా అని స్టేటస్ అడిగితే, 'ఫెయిల్డ్, రిజల్ట్ ఎగ్జిట్ కోడ్' అంది. పిల్లాడు ఎందుకు తప్పాడండీ అంటే తప్పాడు కాబట్టి అన్నట్టు. టెన్షన్‌లో వరసగా లేపుతూ పోయాను. 'స్టార్ట్ రిక్వెస్ట్ రిపీటెడ్ టూ క్విక్లీ' అని కసిరింది. మామూలుగా పది సెకన్లలో ఐదుసార్లకు మించి ఎవరినీ లేపదట. మా నాన్న నన్ను బడికి లేపిన రోజుల్లో ఈ నిబంధన ఉంటే ఎంత బాగుండేది! ఒకప్పుడు లినక్స్ గుండెకాయ అయిన కెర్నల్‌లోని పాత ప్రింటర్ డ్రైవరు, ఏం తప్పో అంతుపట్టకపోతే 'ఎల్‌పీ జీరో ఆన్ ఫైర్' అనేది. ప్రింటర్ తగలబడుతోందని. అబద్ధమే అయినా, అందులో కాస్త ఆత్మీయత ఉండేది.

తర్వాత కప్స్‌ను మొత్తం తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. ఉబుంటు మహా మర్యాదస్తురాలు. ప్రోగ్రాం తీసేయమంటే తీసేస్తుంది గానీ, మనం చేత్తో రాసుకున్న సెట్టింగులను మాత్రం భద్రంగా దాచి ఉంచుతుంది. ఇల్లు మారాం, శని కూడా సామానుతోపాటు వచ్చాడు.

అసలు ఈ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లోకం పుట్టిందే ప్రింటర్ మీద కోపంతో. 1980 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీ ఏఐ ల్యాబులో ఒక జిరాక్స్ ప్రింటర్ ఉండేది. కాగితం ఇరుక్కుంటే పై అంతస్తువాళ్లకు తెలిసేది కాదు. దాని ప్రోగ్రాం అసలు రాత, అంటే సోర్స్ కోడ్, ఇస్తే నేనే బాగుచేసుకుంటానని అక్కడి ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్‌మన్ అడిగితే ఇవ్వలేదు. ఆయనకు ఒళ్లు మండింది. 1983లో, సోర్స్ కోడ్ అందరికీ దొరికే వ్యవస్థ కోసం గ్నూ ప్రాజెక్టు ప్రకటించడం వెనక ఆ మంట కూడా ఉంది. ఆయన పుణ్యమా అని ఇవాళ ప్రతి లైను సోర్స్ కోడ్ నాకు ఉచితంగా దొరుకుతుంది. దొరకనిది ఒక్క కాగితమే.

రాత్రి పదకొండున్నరకు గుర్తొచ్చింది 'కప్స్‌డీ మైనస్ టీ' అనే కమాండు. సెట్టింగుల ఫైలు చదివి ఎక్కడ తప్పుందో లైను నంబరుతో సహా చెబుతుంది. సాయంత్రం నుంచి అక్కడే ఉంది పాపం, అడిగితే కదా. నేను కలిపిన లొకేషన్ అనే భాగాన్ని తెరిచాను గానీ మూయలేదు. మూశాను. రీస్టార్ట్ కొట్టేసరికి గోడ గడియారం పన్నెండు దాటింది. సర్వీసు లేచింది. మరుక్షణం ప్రింటర్ గుర్రుమంది.

ఎందుకు గుర్రుమందో ముందు నాకు అర్థం కాలేదు. మొదట్లో ప్రింట్ రాకపోవడానికి కారణం వదులైన యూఎస్‌బీ కేబుల్. రాత్రి అమ్మ ఊడుస్తూ చీపురు తగిలిందని దాన్ని లోపలికి నొక్కిందట. నేను పంపిన పదకొండు ప్రింట్లూ ప్రింట్లు వరసలో వేచి ఉండే స్పూల్ ఫోల్డర్‌లో ఓపిగ్గా కూర్చుని ఉన్నాయి. ఇప్పుడు ఒకదాని వెనక ఒకటి బయటికి నడిచాయి.

ఆ చప్పుడుకు అమ్మ లేచొచ్చింది. "చూశావురా, బుధవారం పడగానే ఎలా వచ్చేసిందో! మంగళవారం పూట వద్దంటే విన్నావా?" అంది. లొకేషన్ సంగతి నేను చెప్పలేదు. ఆవిడ కేబుల్ సంగతి చెప్పింది గానీ, దానికీ దీనికీ సంబంధం ఉందనుకోలేదు.

మేనకోడలు ఒకటి తీసుకుని పరీక్షకు వెళ్లింది. మిగతా పదింటి వెనక అమ్మ పాల లెక్క రాసుకుంటోంది.