చిన్న రిఫ్రాక్టర్ బొమ్మ కాదు

“డీప్ స్కై ఫోటోలకు కనీసం 8 అంగుళాల టెలిస్కోప్ ఉండాలి. 60, 70 మిల్లీమీటర్ల రిఫ్రాక్టర్ పిల్లల బొమ్మ, చంద్రుణ్ణి తీయడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. డబ్బంతా గొట్టం మీద పెట్టండి, మౌంట్ ఏదైనా నడుస్తుంది. చిన్నదే కొంటానంటే ట్రిప్లెట్ తప్ప ఇంకేదీ ముట్టుకోకండి.”

ఆకాశం ఫోటోలు మొదలుపెట్టాలనుకునేవాళ్లకు ఎవరో ఒకరు ఈ సలహా పంపుతూనే ఉన్నారు. (డీప్ స్కై అంటే గెలాక్సీలు, నెబ్యులాల లాంటి దూరపు వస్తువులు; నెబ్యులా అంటే అంతరిక్షంలోని వాయు, ధూళి మేఘం. రిఫ్రాక్టర్ అంటే కటకాలతో పనిచేసే టెలిస్కోప్, ట్రిప్లెట్ అంటే మూడు కటకాలున్న రిఫ్రాక్టర్. గొట్టం అంటే టెలిస్కోపే, మౌంట్ అంటే దాన్ని మోస్తూ నక్షత్రాల వెంట తిప్పే స్టాండ్.) నాకూ ఆ సలహా అలాగే చేరింది. నమ్మి 8 అంగుళాల ష్మిట్-కాసెగ్రేన్ (అద్దాలతో పనిచేసే ఒక రకం టెలిస్కోప్) కొన్నాను. ఏడాది పాటు రాత్రులు మేలుకున్నా ఒక్క నెబ్యులా కూడా సరిగ్గా రాలేదు. లోపం నాలోనే ఉందనుకుని దాదాపు మానేసేదాకా వెళ్లాను. ఇంకొకరు అలా మానేయకూడదని ఇది రాస్తున్నాను.

ముందు “8 అంగుళాలు ఉండాల్సిందే” అన్న మాట. కంటితో చూసేవాళ్లకు టెలిస్కోప్ అద్దం లేదా కటకం ఎంత వెడల్పుంటే (దీన్నే వ్యాసం అంటాం) అంత మేలే. కన్ను వెలుగును పోగేసుకోలేదు, ఆ క్షణంలో ఎంత పడితే అంతే చూస్తుంది. కెమెరా పోగేస్తుంది. మూడు నిమిషాల ఎక్స్‌పోజర్లు వంద తీసి స్టాక్ చేస్తే (ఒకదాని మీద ఒకటి కలిపితే) ఐదు గంటల వెలుగు ఒకే ఫోటోలో చేరుతుంది.

లెక్క వేసి చూద్దాం. ఫోకల్ లెంగ్త్ ఎంత పొడవైతే సెన్సర్ మీద బొమ్మ అంత పెద్దగా పడుతుంది; ఎఫ్/10 అంటే అది వ్యాసానికి పది రెట్లని. 8 అంగుళాలు, అంటే సుమారు 200 మి.మీ. వ్యాసం ఉన్న ఎఫ్/10 గొట్టం ఫోకల్ లెంగ్త్ 2000 మి.మీ. 60 మి.మీ. ఎఫ్/6 రిఫ్రాక్టర్‌ది 360 మి.మీ. పెద్దది పట్టే వెలుగు 11 రెట్లు ఎక్కువ, కాదనను. కానీ అది నెబ్యులా బొమ్మను సెన్సర్ మీద 31 రెట్ల విస్తీర్ణంలో పరుస్తుంది. 11ని 31తో భాగించండి. ఒకే కెమెరా పెడితే ఒక్కో పిక్సెల్ మీద పడే నెబ్యులా వెలుగు చిన్న గొట్టంలోనే దాదాపు 2.8 రెట్లు ఎక్కువ. పెద్ద గొట్టం వెలుగు వృథా పోయిందని కాదు, ఒక చిన్న ముక్కను పెద్దదిగా చూపడానికి ఖర్చయింది. ఆ పెద్ద ముక్క మనకు కావాలా అన్నది వేరే సంగతి.

ఇది ఈనాటి కెమెరాలతో పుట్టిన ఆలోచన కూడా కాదు. 1889లో ఎడ్వర్డ్ ఎమర్సన్ బర్నార్డ్ అనే అమెరికన్ ఖగోళ శాస్త్రవేత్త కాలిఫోర్నియాలో కొండ మీదున్న లిక్ అబ్జర్వేటరీలో పాలపుంతను ఫోటోలు తీయడం మొదలుపెట్టాడు. అప్పటికి ప్రపంచంలోకెల్లా పెద్దదైన 36 అంగుళాల రిఫ్రాక్టర్ అదే కొండ మీద ఉంది. ఈ పనికి ఆయన వాడింది మాత్రం 6 అంగుళాల పోర్ట్రెయిట్ లెన్స్, స్టూడియోల్లో మనుషుల ఫోటోలకు వాడే రకం. పాలపుంతలోని మేఘాలు, చీకటి చాళ్లు విశాలమైన ఫ్రేములోనే కనిపిస్తాయని ఆయనకు తెలుసు. మన కాలానికి వస్తే, ఆండ్రోమెడా గెలాక్సీ పక్కన ఆక్సిజన్ వెలుగుతో మెరిసే పెద్ద చాపం ఒకటి ఉందని 2023 జనవరిలో ప్రకటించారు. దాన్ని కనిపెట్టింది ఔత్సాహికులు, 106 మి.మీ. రిఫ్రాక్టర్‌తో. అన్ని దశాబ్దాలుగా అందరూ ఫోటోలు తీస్తున్న గెలాక్సీ పక్కనే అది ఉండిపోయింది! ఈ విషయం గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

రెండోది, “చంద్రుడికి తప్ప పనికిరాదు.” నిజానికి ఇది తలకిందులు. ఆకాశంలో నిండు చంద్రుడి వెడల్పు అర డిగ్రీ. ఆండ్రోమెడా గెలాక్సీ 3 డిగ్రీలు, అంటే ఆరు నిండు చంద్రుళ్లను వరసగా పేర్చినంత. వీల్ నెబ్యులా కూడా ఇంచుమించు అంతే. నార్త్ అమెరికా నెబ్యులా, కృత్తికలు తలా 2 డిగ్రీల వరకు పరుచుకుని ఉంటాయి. ఏపీఎస్-సి సెన్సర్ (చాలా డిజిటల్ కెమెరాల్లో ఉండే సైజు) పెడితే 360 మి.మీ. గొట్టం ఫ్రేము సుమారు 3.7 డిగ్రీల వెడల్పు, 2.5 డిగ్రీల ఎత్తు వస్తుంది. ఆండ్రోమెడా హాయిగా పడుతుంది. 2000 మి.మీ. గొట్టంలో వచ్చే వెడల్పు 0.67 డిగ్రీలే. చంద్రుడు కూడా అందులో పూర్తిగా పట్టడు, ఎత్తు సరిపోదు.

చిన్న గొట్టానికి హద్దులు లేవని నేను అనను. ఆకాశంలో చాలా చిన్నగా కనిపించే రింగ్ నెబ్యులా అందులో నలభై పిక్సెళ్ల చుక్కలా వస్తుంది. దూరపు చిన్న గెలాక్సీలు, గ్రహాలు మీకు ప్రాణమైతే పెద్ద గొట్టమే కొనండి.

“మౌంట్ ఏదైనా నడుస్తుంది” అన్నది ఈ సలహాలో అన్నిటికన్నా హానికరమైన ముక్క. నా ఏడాది దీనివల్లే పోయింది. భూమి తిరుగుతుంటే నక్షత్రాలు సెకనుకు 15 ఆర్క్‌సెకండ్లు జరుగుతాయి (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్‌సెకండ్). మౌంట్ ఆ కదలికను నిమిషాల తరబడి తప్పకుండా అనుసరించాలి. 3.76 మైక్రాన్ల పిక్సెల్ ఉన్న కెమెరాను 360 మి.మీ. గొట్టానికి పెడితే ఒక్కో పిక్సెల్ 2.15 ఆర్క్‌సెకండ్లు చూస్తుంది. 2000 మి.మీ. గొట్టంలో అదే 0.39. మౌంట్ 2 ఆర్క్‌సెకండ్లు తప్పటడుగు వేసిందనుకోండి. చిన్న గొట్టంలో అది ఒక పిక్సెల్ లోపే ఉండిపోతుంది, నక్షత్రం గుండ్రంగానే ఉంటుంది. పెద్ద గొట్టంలో ఐదు పిక్సెళ్లు సాగి గీతవుతుంది. నా ఫోటోలన్నీ ఆ గీతలే. గాలి కొంచెం వీచినా టెన్షన్, కేబుల్ కదిలినా టెన్షన్.

కాబట్టి ముందు మౌంట్ చూసుకోండి, తర్వాత దానికి తగ్గ గొట్టం. మౌంట్ మోయగలదని రాసే బరువులో సగం దగ్గర ఆగడం ఫోటోలు తీసేవాళ్లలో చాలామంది పాటించే పద్ధతి. కెమెరా, గైడ్ స్కోప్ (నక్షత్రాన్ని గమనిస్తూ మౌంట్‌ను సరిదిద్దడానికి పెట్టే చిన్న టెలిస్కోప్), గొట్టాన్ని పట్టుకునే రింగులు కూడా ఆ బరువులోకే వస్తాయని మరిచిపోవద్దు. రెండు, రెండున్నర కిలోల రిఫ్రాక్టర్ అయితే మౌంటూ చిన్నదే సరిపోతుంది, మొత్తం సరంజామా ఒక మనిషి మోసుకుని చీకటి ఆకాశం ఉన్న చోటికి వెళ్లొచ్చు. వీధి దీపాల కింద పెద్ద గొట్టం కంటే చీకట్లో చిన్న గొట్టం నెబ్యులాను బాగా పడుతుంది.

ఇక ట్రిప్లెట్ మాట. మూడు కటకాలుంటే రంగులు ఇంకా బాగా ఒకచోట కలుస్తాయి, అది నిజం. అయితే బరువు పెరుగుతుంది, బయటి చలికి సర్దుకోవడానికి ఎక్కువ సేపు పడుతుంది. 60, 70 మి.మీ. సైజులో, ఎఫ్/6 దగ్గర, ఎఫ్‌పీఎల్-53 లాంటి మంచి ఈడీ గాజుతో (రంగులను తక్కువగా చెదరగొట్టే గాజు) చేసిన డబ్లెట్, అంటే రెండు కటకాల రిఫ్రాక్టర్, చక్కని ఫోటోలు ఇస్తుంది. దూరంగా ఉండాల్సింది ఈడీ గాజు లేని మామూలు రెండు కటకాల రిఫ్రాక్టర్‌కి, అంటే ఆక్రోమాట్‌కి. అందులో ప్రకాశవంతమైన ప్రతి నక్షత్రం చుట్టూ నీలి వలయం వస్తుంది. రంగులు బాగా కలుస్తాయని చెప్పడానికి వాడే ‘అపో’ అన్న పదాన్ని చూసి మాత్రం నిర్ణయించుకోకండి, ఒక్కో కంపెనీ దాన్ని ఒక్కోలా వాడుతుంది.

నేనైతే కటకాల సంఖ్య కంటే ముందు రెండు విషయాలు అడుగుతాను. కెమెరా బరువుకు ఫోకసర్ (ఫోకస్ సరిచేసే భాగం) జారకుండా గట్టిగా లాక్ అవుతుందా? ఆ గొట్టం కోసమే చేసిన ఫీల్డ్ ఫ్లాటెనర్ (ఫోటో మూలలదాకా ఫోకస్ నిలిపే అదనపు కటకం) దొరుకుతుందా? పెట్జ్‌వాల్ రకం (వెనక అదనపు కటకాలు ముందే అమర్చినవి) కాని రిఫ్రాక్టర్లలో ఫోకస్ తలం వంగి ఉంటుంది, ఫ్లాటెనర్ లేకపోతే మధ్యలో నక్షత్రాలు చుక్కల్లా, మూలల్లో తోకల్లా వస్తాయి. ఫ్లాటెనర్ నుంచి సెన్సర్‌కు ఉండాల్సిన దూరం చాలా వాటికి 55 మి.మీ. ఒక్క మిల్లీమీటరు తేడా వచ్చినా మూలలు చెడిపోవచ్చు, అందుకే ఆ దూరాన్ని సరిచేసే స్పేసర్ రింగులు కూడా గొట్టంతో పాటే తెచ్చుకోండి.