సవరణ: ఇన్‌స్ట్రక్టర్ల స్టాండర్డైజేషన్ ఎంట్రీ గురించి

ఫ్లయింగ్ స్కూల్లో అందరూ ఒకేలా నేర్పేందుకు ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు కలిసి చేసే స్టాండర్డైజేషన్ సెషన్‌ను ట్రైనింగ్ సాఫ్ట్‌వేర్‌లో మామూలు డ్యూయల్ లెసన్ (ఇన్‌స్ట్రక్టర్, స్టూడెంట్ కలిసి ఎగిరే పాఠం) లాగే ఎక్కించి, రెండో ఇన్‌స్ట్రక్టర్ పేరు స్టూడెంట్ గడిలో పెడితే చాలని పోయిన పోస్టులో రాశాను. అది తప్పు. మాన్యువల్ మళ్లీ తీసి, బేగంపేటలో చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ గారిని అడిగాక తేలింది.

అలా పెడితే ఏమవుతుందంటే, ఏళ్ల తరబడి పాఠాలు చెబుతున్న మనిషి పేరు స్టూడెంట్ల లిస్టులోకి వచ్చి, పక్కనే ఎర్రగా 'సోలో చెక్ పెండింగ్' అని, అంటే ఒంటరిగా ఎగరనిచ్చే ముందు చేసే పరీక్ష ఇంకా కాలేదని, కనిపిస్తుంది. నవ్వొచ్చినా, గంటల లెక్క మాత్రం నిజంగానే చెడిపోతుంది.

దీనికి 'స్టాఫ్ ట్రైనింగ్' లాంటి విడి కేటగిరీ ఉండాలి. లేకపోతే అడ్మిన్‌తో పెట్టించుకోండి. సిలబస్‌కు లింక్ చేయొద్దు. పైలట్ ఇన్ కమాండ్, అంటే ఆ ఫ్లైట్‌కు బాధ్యుడైన పైలట్, ఎవరన్నది బయల్దేరే ముందే తేల్చుకోవాలి. ఇద్దరూ అదే గంటను కమాండ్ కింద రాసుకోవడం కుదరదు. బోర్డు ముందు కూర్చుని మాట్లాడుకున్నది గ్రౌండ్ సెషనే, ఫ్లయింగ్ టైమ్ కాదు. విమానం గంటలు మాత్రం తప్పక ఎక్కించాలి. ఎవరు నడిపినా, విమానం ప్రతి 100 గంటలు ఎగిరాక చేసే ఇన్‌స్పెక్షన్‌కు అవి లెక్కే.

రిమార్క్స్‌లో 'ఓకే' అని వదిలేయకండి. సెస్నా 172 విమానం ఫైనల్‌లో (ల్యాండింగ్‌కు రన్‌వే వైపు దిగేటప్పుడు) స్పీడ్ ఒక సర్ 65 నాట్లంటే ఇంకో సర్ 70 అంటుంటే నలిగేది స్టూడెంటే కదా, ఏది ఖాయం చేశారో రాయండి.

పాత ఎంట్రీలను డిలీట్ చేయొద్దు, కారణం రాసి సవరించండి.