వీరబాహుడికి లీజు

శ్రీకాకుళంలో నాగావళి ఒడ్డునున్న శ్మశానాన్ని ముప్పై ఏళ్ళు ఒక కంపెనీకి లీజుకిస్తామని కార్పొరేషన్ అందనుకుందాం. ఇవ్వాలంటాడు ఒక ఆడిటరు. వద్దంటారు అతనికి హైస్కూల్లో సోషల్ చెప్పిన మాస్టారు. ఇద్దరూ కల్పితమే. వాళ్ళు చెప్పుకునే ఉదంతాలు మాత్రం జరిగినవే.

ఆడిటరు: మాస్టారూ, వానాకాలంలో కాటికి వెళ్ళారా ఎప్పుడైనా? బురద, తడిసిన కట్టెలు, డీజిల్ పోస్తే గానీ అంటుకోని చితి. ఆడవాళ్ళు స్నానం చేసి చీర మార్చుకోవడానికి గది ఉండదు. కట్టెలకింత, కాపరికింత అని ఏడుస్తున్న మనిషితో బేరాలు. హైదరాబాదులో జూబ్లీహిల్స్ మహాప్రస్థానం శ్మశానవాటిక చూడండి. స్థలం కార్పొరేషన్‌ది, కట్టించి నడిపింది ఫీనిక్స్ అనే కంపెనీ వాళ్ళ ఫౌండేషన్. అక్కడ పోయినవాళ్ళకి దక్కే మర్యాద ఇక్కడ మనకెందుకు దక్కకూడదు?

మాస్టారు: స్థలం కార్పొరేషన్‌దని నువ్వే అన్నావు నాయనా. ఇప్పుడు ముప్పై ఏళ్ళు స్థలమే అప్పజెప్పమంటున్నావు. చీపురు పట్టుకునేవాడు వేరు, పట్టా పట్టుకునేవాడు వేరు.

ఆడిటరు: కాటికి యజమాని ఉండటం కొత్తేమీ కాదు కదండీ. హరిశ్చంద్రుడు ఎవరి దగ్గర పనిచేశాడు? వీరబాహుడి దగ్గర. సుంకం కట్టందే శవం కాలలేదు.

మాస్టారు: కన్నకొడుకు శవానికీ సుంకం అడగాల్సి వచ్చింది. పద్యనాటకానికి తెల్లవార్లూ కూర్చుని మనవాళ్ళు కన్నీళ్ళు పెట్టుకున్నది ఆ ఘట్టానికే. వీరబాహుడి వ్యాపారం బాగుందని ఎవడైనా వన్స్ మోర్ కొట్టాడా?

(చప్పట్లు పడే మాటే గానీ, బురదకి ఇది జవాబు కాదు. ఆ సంగతి మాస్టారికీ తెలుసు. అందుకే వెంటనే అమెరికా ఎత్తారు.)

మాస్టారు: లాస్ ఏంజెలస్‌లో హాలీవుడ్ శ్మశానం ఉంది. 1899లో పెట్టారు. సినిమా వాళ్ళు చాలామంది అక్కడే ఉన్నారు. 1939లో అది జూల్స్ రాత్ అనే ఆయన చేతికొచ్చింది. అప్పటికే ఒక ఆర్థిక మోసం కేసులో జైలుకెళ్ళొచ్చిన మనిషి. అక్కడి పద్ధతి ఏమిటంటే, సమాధికి చోటు అమ్మినప్పుడల్లా కొంత సొమ్ము విడిగా ఒక నిధిలో వేయాలి. దాని మీద వచ్చే రాబడితో ఎప్పటికీ గడ్డి కోయించాలి, గోడలు బాగుచేయించాలి. శ్మశానానికి డబ్బొచ్చేది ఒక్కసారి, ఖర్చు మాత్రం శాశ్వతం. ఆ నిధిలోంచే లక్షల డాలర్లు మాయమయ్యాయి. రోడ్డు వైపు స్థలం షాపులకి పోయింది. 1994 భూకంపంలో దెబ్బతిన్న సమాధులు అలాగే పడున్నాయి. చివరికి రాష్ట్ర ప్రభుత్వం కొత్తగా చోట్లు అమ్మకుండా లైసెన్సు తీసేసింది.

ఆడిటరు: మీరు కథ ఇంటర్వెల్ దగ్గర ఆపేశారు. 1998లో ఆయన పోయాక దివాలా తీసిన ఆ శ్మశానాన్ని కొన్నదెవరు? మళ్ళీ ప్రైవేటు వాళ్ళే. 3,75,000 డాలర్లు పెట్టి కొని బాగుచేశారు. ఇప్పుడు ఎండాకాలం రాత్రుళ్ళు అక్కడ గోడ మీద సినిమాలు వేస్తే జనం టికెట్టు కొనుక్కుని వస్తున్నారు.

మాస్టారు: నాగావళి ఒడ్డున మార్నింగ్ షో వేస్తావా ఏమిటి?

ఆడిటరు: వెయ్యను లెండి. అసలు మనకి ఆ నిధి గొడవే లేదు. చితి ఆరితే, అస్థికలు ఏరుకుంటే, చోటు ఖాళీ. శాశ్వత ఖర్చు ఎక్కడుంది?

మాస్టారు: అందరూ కాలుస్తారా? జంగాలు, క్రైస్తవులు, ముస్లింలు పాతిపెడతారు. పసిపిల్లలు పోతే దాదాపు అందరం పాతిపెట్టేవాళ్ళమే. ఇక ఖాళీ అన్నావే, నా భయం ఆ ఖాళీ గురించే. ఊళ్ళో గజం ధర ఎంతో నాకంటే నీకే బాగా తెలుసు. లండన్‌లో వెస్ట్‌మినిస్టర్ కౌన్సిల్ 1987లో మూడు శ్మశానాలు అమ్మింది. ఎంతకి? ఒక్కోటి 5 పెన్నీలకి! నిర్వహణ ఖర్చు తప్పుతుందని వదిలించుకుంది. చేతులు మారాయి, కలుపు మొలిచింది, బంధువులు ఊరుకోలేదు. ఆఖరికి 1992లో కౌన్సిలే వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

ఆడిటరు: మరి అమ్మింది ఎవరండీ? ప్రజలు ఎన్నుకున్న కౌన్సిలే కదా. దానికి కంపెనీని తిడతారేం?

(ఇక్కడ మాస్టారు కాస్త తడబడ్డారు. పాత పాఠంలోకి తిరిగారు.)

మాస్టారు: కంపెనీ గేటు దగ్గర ఎవరిని ఆపుతుందో ఎవరికి తెలుసు? హ్యాటీ మెక్‌డేనియల్ ఆస్కార్ అందుకున్న మొదటి నల్లజాతి నటి. ఆ హాలీవుడ్ శ్మశానంలోనే తనని ఉంచమని కోరుకుంది. 1952లో ఆమె పోతే, నల్లవాళ్ళకి చోటు లేదన్నాడు రాత్.

ఆడిటరు: ఈ మాట మీరు అనకుండా ఉండాల్సింది. మన ఊళ్ళలో కులానికో శ్మశానం పెట్టమని ఏ కంపెనీ చెప్పింది? ఎస్సీ కాలనీ నుంచి కాటికి దారి లేక పొలంగట్ల మీద, నడుం లోతు కాలవలో పాడె మోసుకెళ్తున్న ఫొటోలు పేపర్లో ఎన్ని చూడలేదు? ఆ భూములన్నీ ప్రభుత్వానివీ పంచాయతీలవే. కంపెనీ అయితే కులం అడగదు, రసీదు అడుగుతుంది.

మాస్టారు: ...నిజమే. దానికి నా దగ్గర సమాధానం లేదు. అయితే రసీదు కొనలేనివాడి సంగతేమిటి?

ఆడిటరు: తెల్లకార్డు ఉంటే ఉచితమని లీజులోనే రాయిద్దాం.

మాస్టారు: రాయిస్తే నిలబడాలి కదా. రాజ్యాంగం పన్నెండో షెడ్యూల్లో పద్నాలుగో అంశం శ్మశానాలే. విద్యుత్ దహనవాటికలతో సహా పురపాలక సంఘాల పనుల్లో రాసిపెట్టారు. ఇంకోటి, 1969 జనన మరణ నమోదు చట్టం ప్రకారం శవం వచ్చిందని తెలియజేసే బాధ్యత శ్మశానం చూసుకునేవాడికీ ఉంది. రేపు కంపెనీ మూతపడితే ఆ రిజిస్టరు ఎవరి బీరువాలో ఉంటుంది? ఆస్తి కేసుల్లో ఫలానా మనిషి ఎప్పుడు పోయాడో తేల్చడానికి అదీ ఒక ఆధారమే.

ఆడిటరు: రిజిస్టరు కార్పొరేషన్ దగ్గరే ఉంచుదాం, అది ఒప్పుకున్నాను. గ్యాసు దహనవాటిక మాత్రం ఎవరు కట్టిస్తారు?

మాస్టారు: కంపెనీల చట్టం 135వ సెక్షన్ నీకు నేను చెప్పాలా? పెద్ద కంపెనీలు లాభాల్లో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలి కదా. పైడిభీమవరంలో ఇన్ని ఫ్యాక్టరీలున్నాయి, అడుగు. బోర్డు ఎంత పెద్దదైనా పెట్టుకోమను. పట్టా మాత్రం ఇవ్వకు.

ఆడిటరు: కట్టించి పోతారు మాస్టారూ, ఏళ్ళ తరబడి నడపరు. నడిపేవాడికి కాలం కావాలి. పోనీ పదేళ్ళు?

మాస్టారు: మూడు.

ఆడిటరు: పెట్టుబడి మూడేళ్ళలో తిరిగి రాదు.

మాస్టారు: తిరిగి రావాలనుకునేవాణ్ణి పిలవొద్దనే అంటున్నాను. సోమవారం కలెక్టరేటులో గ్రీవెన్స్ ఉంది. దారి, కుళాయి, ఆడవాళ్ళకి గది, మూడింటికీ అర్జీ నేను రాస్తాను. ఖర్చు లెక్క నువ్వు వేసివ్వు.

ఆడిటరు: వేసిస్తాను. కింద లీజు ముప్పై ఏళ్ళనే రాస్తాను మరి.