బొమ్మను పరీక్షించండి, కార్డును కాదు

పిల్లల బొమ్మలకు ఐఎస్‌ఐ మార్కు తప్పనిసరి చేయడం మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు. ఇది ముందే చెప్పాల్సి వస్తోంది. చిన్న తయారీదారుల కష్టం గురించి నోరెత్తగానే "అయితే పిల్లలు బొమ్మ రంగులోని సీసం నాకినా పర్లేదా?" అని మీద పడేవాళ్ళు ఉంటారు. 2019లో క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా పరీక్ష చేయిస్తే దిగుమతి బొమ్మల్లో దాదాపు 67 శాతం ఫెయిలయ్యాయి. కాబట్టి 2021 జనవరి 1 నుంచి రూలు అమల్లోకి రావడం మంచిదే.

నా బాధల్లా ఆ రూలు పడే తీరు మీదే. 14 ఏళ్ళలోపు పిల్లలు ఆడుకోవడానికి చేసిందల్లా దాని లెక్కలో బొమ్మే. లక్షల ప్లాస్టిక్ కార్లు తీసే ఫ్యాక్టరీకీ, ఇంట్లో కుట్టు మిషన్ మీద గుడ్డ బొమ్మలు కుట్టే మా వదినకూ కావలసింది ఒకే లైసెన్స్. అది లేకుండా అమ్మితే చట్టంలో రెండేళ్ళ దాకా జైలు, లేదా కనీసం 2 లక్షల జరిమానా ఉంది.

ఆవిడ బొమ్మను ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. పైన నూలు గుడ్డ, లోపల దూది. కళ్ళకు గుండీలు పెట్టదు, పసివాళ్ళు పీకి నోట్లో వేసుకుంటారని నల్ల దారంతోనే కుడుతుంది. చేతులు అతికే చోట రెండు వరసలు కుట్టి, గట్టిగా గుంజి చూసిగానీ పక్కన పెట్టదు. టెస్టింగ్‌కు ఎంతవుతుందో కనుక్కున్నాక, "ఈ టెన్షన్ నాకొద్దు, జాకెట్లు కుట్టుకుంటాను" అంది. ఇప్పుడు అవే కుడుతోంది.

మినహాయింపు లేదా అంటే ఉంది. చేతివృత్తుల శాఖలో నమోదై గుర్తింపు కార్డు ఉన కళాకారులకు, జీఐ, అంటే ఫలానా ఊరి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు, ఉన్న వస్తువులకు 2020 డిసెంబరులో ఇచ్చారు. ఏటికొప్పాక, కొండపల్లి, నిర్మల్ బొమ్మలు అలా బయటపడ్డాయి. అందుకు నిజంగా సంతోషించాను. అంకుడు కర్ర మీద లక్క పట్టించి, ఆకులూ గింజల రంగులు వేసే ఏటికొప్పాక వాళ్ళను ఫ్యాక్టరీలతో పాటు లైన్లో నిలబెట్టడం అన్యాయం. కానీ ఆ మినహాయింపు చేసిందెవరని అడుగుతుంది గానీ, ఏ రంగు వేశారని అడగదు. కొండపల్లిలో ఎనామిల్ రంగులూ వాడతారు. ఆ డబ్బాలో ఏముందో ఎవరూ చూడక్కర్లేదు. అసలు రంగే లేని గుడ్డ బొమ్మకు మాత్రం ల్యాబ్ రిపోర్టు కావాలి! కార్డు ఉందో లేదో నోట్లో పెట్టుకునే పిల్లకేం తెలుసు?

అమెరికాలోనూ ఇదే గొడవ అయింది. 2007లో సీసం రంగు పూసిన బొమ్మలు లక్షల్లో వెనక్కి రప్పించాక, 2008లో కఠిన చట్టం తెచ్చారు. ఇంట్లో బొమ్మలు చేసుకునేవాళ్ళు లబోదిబోమన్నారు. అప్పుడు రంగు వేయని కర్రకు, నూలుకు సీసం పరీక్ష అక్కర్లేదన్నారు. 2011లో చట్టం సవరించి, ఒక్కో రకం 7,500కు మించకుండా చేసే చిన్నవాళ్ళకు బయటి ల్యాబ్ పరీక్షలు కొన్ని తగ్గించారు. రంగులో సీసం, ఊడొచ్చే చిన్న ముక్కల పరీక్షలు మాత్రం వాళ్ళకూ ఉంచారు. దేనితో ప్రమాదమో దాన్నే పట్టుకోవడమంటే ఇదీ.

మనకూ అదే కావాలి. రంగును రంగుల కంపెనీ దగ్గరే పరీక్షించి, ఆ సర్టిఫికెట్, కొన్న బిల్లు చూపిస్తే ఒప్పుకోండి. బొమ్మలు చేసే ఊళ్ళకు అందుబాటులో ఒక ఉమ్మడి ల్యాబ్ పెట్టి, తక్కువ ఫీజుకు లాగుడు పరీక్ష, ముక్కల పరీక్ష చేయండి. కార్డున్నవాళ్ళ బొమ్మలనూ అక్కడికే పంపండి.