ట్యాంకు మూతకు తాళం

మా మామగారి ట్రాక్టర్ 1989 నాటిది. దాని కంపెనీ పేరు చెప్పను. జరిగిన దానిలో కంపెనీ తప్పు పిసరంత కూడా లేదు. ఇబ్రహీంపట్నం దగ్గర ఆయనకున్న నాలుగెకరాల చెలకను అది మూడు దశాబ్దాలకు పైగా దున్నింది. క్లచ్ పెడల్‌ను కాలు పెట్టుకొనే పీటగా భావించే మా బావమరిది చేతికి వచ్చిన మూడో ఏట మాత్రం దానికి ఓపిక నశించింది. ఇంజను గొంతు చించుకొని అరిచేది కాని బండి కదిలేది కాదు. హైదరాబాద్‌లో ఉండే అల్లుడికి సర్వమూ తెలిసి ఉంటుందని మా అత్తగారి ఊరివారికి ఒక నమ్మకం ఉన్నందువల్ల, మే నెల చివరి వారంలో మరమ్మతు బాధ్యత నా మీద పడింది.

నేను జీవిత బీమా ఏజెంటును. "రేపు ఏమైనా జరిగితే?" అనే ఒకే ఒక ప్రశ్నను ఇరవై ఏళ్లుగా ఎదుటివారిని అడుగుతూ వనస్థలిపురంలో రెండు పడక గదుల ఇల్లు కట్టుకున్నవాణ్ణి. ఆ ప్రశ్నను నన్ను ఎవరైనా అడిగితే ఏమవుతుందో అప్పటివరకు నాకు తెలియదు.

సాగర్ రోడ్డు మీది షెడ్డులో ఉస్తాద్ బండిని చూసి, క్లచ్ ప్లేట్ పోయిందనీ, సామానూ కూలీ కలిపి 12,000 రూపాయలు అవుతుందనీ చెప్పాడు. లారీకి ఉన్నట్టు ట్రాక్టర్‌కు అడుగున వేరే చట్రం ఉండదు. ఇంజనూ గేర్‌బాక్సూ ఒకదానికొకటి బోల్టులతో బిగించుకొని, అవే దానికి వెన్నెముక అవుతాయి. క్లచ్ ఆ రెండింటి మధ్యన దాగి ఉంటుంది కనుక, దాన్ని చేరుకోవాలంటే బండిని నడుముకు రెండుగా విడదీయవలసిందే. మర్నాడు నేను వెళ్లేసరికి ముందు సగం ఒక మూలనూ, వెనుక సగం మరొక మూలనూ దిమ్మెల మీద నిలబడి, ఆస్తి తగాదాలో విడిపోయిన అన్నదమ్ముల్లా ఒకదాని ముఖం ఒకటి చూడకుండా ఉన్నాయి.

అప్పుడు ఉస్తాద్ తన సిద్ధాంతం చెప్పాడు. "సార్, బండి ఇప్పుడు తెరిచి ఉన్నది. ఈ సందులో ఉన్నదంతా ఇప్పుడే మార్చుకోవాలె. బయట ఉన్నది చెడిపోయిననాడు మారుద్దాం, అది యాడికి పోతది?" అతని లెక్కలో వస్తువు వయసుకు విలువ లేదు, అది కూర్చున్న చోటుకే విలువ. రిలీజ్ బేరింగ్, పైలట్ బేరింగ్, క్రాంక్ వెనుక ఉండే ఆయిల్ సీల్, గేర్‌బాక్సు ముందు షాఫ్టు సీల్, ఇవన్నీ కలిపినా ఒక మంచి చెప్పుల జత ఖరీదు దాటవు. కాని వాటిలో ఏ ఒక్కటి పోయినా, మళ్లీ రెండు రోజుల కూలీ ఇచ్చి బండిని నడుముకు విరవవలసి వస్తుంది. రెండు వందల రూపాయలు మిగుల్చుకొనేందుకు పాత ఆయిల్ సీల్‌నే ఉంచమన్న ఒక రైతు కథ కూడా అతను చెప్పాడు. నెల తిరగకుండా ఆ సీల్ కారి, కొత్త క్లచ్ ప్లేట్ నూనెలో మిర్చి బజ్జీలా నానిపోయి, బండి మళ్లీ అదే షెడ్డుకు వచ్చిందట.

సిద్ధాంతం చక్కనిది. దాని మొదటి సగం విని ఊరుకొని ఉంటే ఈ వ్యాసం రాసే అవసరం ఉండేది కాదు. నాకు మాత్రం ఆ రైతు కథే చెవిలో మిగిలిపోయింది, "బయట ఉన్నది యాడికి పోతది" అన్న మాట గాలికి పోయింది.

పాత వస్తువును నమూనాగా చూపితే తప్ప సరైన కొలత దొరకదని ఉస్తాద్ చెప్పినందువల్ల, క్లచ్ ప్లేట్‌నూ సీళ్లనూ ఒక సంచిలో వేసుకొని ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కి, విడిభాగాలు దొరికే రాణీగంజ్‌కు బయలుదేరాను. స్టేషన్‌లో సామాన్ల స్కానర్ ముందు కూర్చున్న అమ్మాయి, తెర మీద గుండ్రటి ఇనుప పళ్లెమూ, దాని చుట్టూ స్ప్రింగులూ, పక్కన తీగచుట్టల వంటి ఉంగరాలూ చూసి, నా నుంచి రెండడుగులు వెనక్కి జరిగింది. సంచి విప్పి చూపించాక, ఆ మసిజిడ్డు ఆవిడ బల్లకు అంటుకున్నందుకు నేను క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. తరువాతి నాలుగు ప్రయాణాల్లో నన్ను చూడగానే ఆవిడే, "మళ్లీ ట్రాక్టరేనా అంకుల్?" అని అడగడం మొదలుపెట్టింది.

నాలుగు ప్రయాణాలు ఎందుకు అవసరమయ్యాయంటే, నాలో నిద్రపోతున్న ఏజెంటు నా మీదికే మేల్కొన్నాడు. నీళ్ల పంపు ముప్ఫై ఏళ్లది కదా, రేపు ఏమైనా జరిగితే? రేడియేటర్ గొట్టాలు? ఫ్యాను బెల్టు? థర్మోస్టాట్? వీటిలో దేనికీ బండిని విడదీయనక్కర లేదనీ, నీళ్ల పంపు చెడితే ఒక పూటలో మార్చుకోవచ్చనీ, బెల్టు ఒకటి కొని సీటు కింద పెట్టుకుంటే చాలుననీ ఉస్తాద్ నచ్చజెప్పబోయాడు. ఇంజెక్టర్లు మార్చుదామన్నప్పుడు, కొనే ముందు టెస్ట్ బెంచ్ మీద పెట్టి చూద్దామని వాటిని విప్పి పంపించాడు. డీజిల్ మూడింటిలోనూ సన్నని మంచులా చిమ్ముతున్నదనీ, అవి దివ్యంగా ఉన్నాయనీ కబురు వచ్చింది. వైద్య పరీక్షలో గుండె, కిడ్నీ అన్నీ బాగున్నాయని తేలిన వెంటనే పాలసీ వద్దనే ఖాతాదారును చూసినప్పుడు కలిగే నిరాశే నాకు ఆ క్షణాన కలిగింది.

ఫ్లైవీల్ అనే బరువైన చక్రం చుట్టూ ఉండే పళ్ల ఉంగరం, అంటే రింగ్ గేర్ విషయంలోనూ అంతే. మూడు సిలిండర్ల ఇంజను ఆగినప్పుడల్లా దాదాపు అవే మూడు చోట్ల ఆగుతుంది కనుక, స్టార్టర్ పళ్లు కూడా ఎప్పుడూ ఆ మూడు చోట్లనే రింగును కొరికి అరగదీస్తాయి. నేను కొత్త రింగు కోసం సంచి తీసుకునేలోపే ఉస్తాద్ దాన్ని మంట మీద వేడిచేసి ఊడదీసి, అరగని వైపు స్టార్టర్‌కు ఎదురుగా వచ్చేట్టు తిరగేసి తొడిగి, చేతులు దులుపుకున్నాడు. పైసా ఖర్చు లేదు. నాకు ఏదో లోటుగా అనిపించింది.

ఆ లోటు తీర్చుకొనేందుకే కాబోలు, డీజిల్ ట్యాంకు మూత మీద నా కన్ను పడింది. వంకర పోయిన పాత ఇనుప మూత. నడుమ సూది మొనంత రంధ్రం. దాని చుట్టూ డీజిల్ జిడ్డు. తుప్పు తినేసిన ఆ చిల్లిలోంచి డీజిల్ తొణుకుతున్నదని నేనే నిర్ధారించుకొని, ఎవరినీ అడగకుండా, రాణీగంజ్‌లో సరిగ్గా అదే కొలతకు, లోపల మందపాటి రబ్బరు వాషర్, పైన తాళం ఉన్న మెరిసే మూత కొన్నాను. డీజిల్ దొంగల భయం కూడా తీరిపోయింది. తాళం చెవి నా గుత్తిలో పెట్టుకున్నాను.

ఇంతలో మృగశిర కార్తె వచ్చింది. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేప ప్రసాదం పంపిణీ ముగిసింది. ఊళ్లో అందరూ దుక్కులు మొదలుపెట్టారు. షెడ్డులో విడిపోయిన మా బండి అన్నదమ్ములిద్దరూ జూన్ మూడో వారంలో గాని కలుసుకోలేదు. అప్పటికి బిల్లు 41,000 దాటింది.

చెలకలో మొదటి సాలు చూసి మామగారి కళ్లు చెమర్చాయి. ఇరవై నిమిషాల తరువాత బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఫోను చేస్తే ఉస్తాద్ మోటారుసైకిల్ మీద వచ్చి, "ముందుగాల ట్యాంకుల డీజిల్ ఉన్నదా చూద్దాం, తాళం తియ్యండి సార్" అన్నాడు. తీశాను. డీజిల్ నిండుగా ఉంది. పైపుల్లో గాలి పట్టిందేమోనని బ్లీడింగ్ చేసి, అంటే ఆ గాలిని బయటికి పోనిచ్చి, ఫిల్టర్ మార్చాడు. బండి పాడుతూ నడిచింది. తప్పు ఫిల్టర్‌దని తేలింది. మర్నాడు మళ్లీ ఇరవై నిమిషాలకు ఆగింది. ఉస్తాద్ వచ్చాడు, తాళం తీయించి డీజిల్ చూశాడు, ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు మార్చాడు, బండి నడిచింది, తప్పు ఫీడ్ పంపుదని తేలింది. మూడో రోజు డీజిల్ పైపు దోషిగా తేలింది. అతను వచ్చినప్పుడల్లా బుద్ధిగా నడిచి, అతను వెళ్లగానే ఆగిపోతున్న బండిని చూసి, ఊళ్లో ఒక పెద్దమ్మ దిష్టి తీయమని సలహా ఇచ్చింది. మా ఆవిడ గుమ్మడికాయ తెప్పించింది కూడా.

నాలుగో రోజు ఉస్తాద్ ఫోను ఎత్తలేదు. మామగారు సాలులోనే నిలిచిపోయిన బండి చుట్టూ ఒకసారి తిరిగి, ట్యాంకు మూత తాళం తీయమన్నారు. తాళం తిప్పి మూత కొద్దిగా వదులు చేయగానే, లోపలికి గాలి పీల్చుకుంటూ ట్యాంకు "హుస్" మని దీర్ఘంగా నిట్టూర్చింది. ఆయన వెంటనే ఏమీ అనలేదు. కాసేపటికి, "అల్లుడుగారూ, పాత మూతకు ఒక బెజ్జం ఉండాలె. అదెక్కడ?" అని అడిగారు.

ఉన్న డీజిల్ కిందికి జారాలంటే, ఖాళీ అయిన చోటికి పైనుంచి గాలి రావాలి. ఆ గాలి వచ్చే దారి ఆ సూది మొనంత రంధ్రమే. నేను దాన్ని చిల్లిగా భావించి మూతనే తీసేసి, గాలి చొరకుండా రబ్బరు బిగించి, తాళం వేసి, తాళం చెవిని వనస్థలిపురం పట్టుకుపోయాను. ఉస్తాద్ వచ్చి డీజిల్ చూసేందుకు మూత తీయించిన ప్రతిసారీ, రోగం అప్పటికప్పుడు నయమైపోయి, ఆ పుణ్యం మాత్రం అతను మార్చిన వస్తువుకు దక్కింది.

పాత మూత పారేయలేదు. మార్చిన సామానంతా మామగారు ఒక గోనెసంచిలో వేసి దాచారట. సంచి కుమ్మరించగా, రిలీజ్ బేరింగూ, చెక్కుచెదరని నీళ్ల పంపూ, పగుళ్లు లేని గొట్టాలూ, ఫీడ్ పంపూ దొర్లాక, అట్టడుగున వంకర మూత కనిపించింది. ఆయన దాన్ని పంచె కొంగుతో తుడిచి, రంధ్రంలో చీపురు పుల్ల పెట్టి తిప్పి, నోటితో ఊది, ట్యాంకుకు బిగించారు. ఆ సాయంత్రం చీకటి పడే దాకా బండి ఆగలేదు.

నేను సిగ్గుపడి, ఆ గోనెసంచిని పాత ఇనుము వాడికి వేసేద్దామన్నాను. మామగారు దాన్ని జాగ్రత్తగా మూట కట్టి మంచం కిందికి తోస్తూ, "ఉండనీ అల్లుడుగారూ, రేపు ఏమైనా జరిగితే?" అన్నారు.