పలాస బస్తా సున్నా కిలోలు తూగిన రోజు

జావాలో జేసన్ (ప్రోగ్రాములు ఒకదానికొకటి డేటా పంపుకునే పేరు-విలువల రాత) చదివే కోడ్ రాసేవాళ్లకు ఒక మాట. ఫీల్డ్ పేరు, జేసన్ని జావా ఆబ్జెక్టుగా మార్చే జాక్సన్ లైబ్రరీయే కనిపెట్టుకుంటుందిలే అని వదిలేయకండి. పైన @జేసన్‌ప్రాపర్టీ పెట్టి, అవతలివాళ్లు పంపే పేరు ఉన్నదున్నట్టు రాయండి. నాది చాదస్తం అన్నా సరే.

నేను విజయనగరంలో ఇంటి నుంచే పనిచేస్తాను. పలాసలో జీడిపిక్కల వ్యాపారం చేసే ఒకాయనకు స్టాకు లెక్కల యాప్ చేసిచ్చాం. కాటా దగ్గరి సాఫ్ట్‌వేర్ జేసన్ పంపుతుంది, మా స్ప్రింగ్ బూట్ (జావా సర్వర్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) సర్వర్ అందుకుంటుంది. ఓ రోజు పొద్దున్నే ఫోను: "ఏటి బాబూ, 80 కేజీల బస్తా సున్నా అని సూపిస్తంది? నా పిక్కలు ఎలకలు తినీసినాయేటి?"

లాగ్స్ అన్నీ వెతికాను. ఒక్క ఎర్రర్ లేదు. నా కడుపుమంట అదే.

కాటా పంపే పేరు బ్యాగ్_వెయిట్. మా క్లాసులో క్యామెల్ కేసులో (పదాలు కలిపేసి, రెండో పదం పెద్దక్షరంతో) బ్యాగ్‌వెయిట్. రెంటినీ కలపడానికి ప్రాజెక్టు మొత్తానికీ స్నేక్ కేస్ (పదాల మధ్య అండర్‌స్కోర్) నేమింగ్ స్ట్రాటజీ ఒకటి పెట్టి చేతులు దులుపుకున్నాం. మా కుర్రాడొకడు క్లాసులోని పేరు పొడుగ్గా ఉందని దాన్ని ఉత్త వెయిట్ చేసేదాకా బాగానే నడిచింది. ఐడీఈ (కోడ్ రాసుకునే ఎడిటర్) అన్ని చోట్లా మార్చేసింది, కంపైల్ అయింది, టెస్టులూ పాసయ్యాయి (ఆ టెస్టుల్లో ఆబ్జెక్టును మేమే కట్టుకుని మేమే చూసుకుంటున్నాం, అసలు జేసన్ ముక్క ఒక్కటీ లేదు). జాక్సన్ వెయిట్ కోసం వెతికింది, దొరకలేదు. తెలియని పేరు వస్తే జాక్సన్ 2 మామూలుగా గోల చేస్తుంది. స్ప్రింగ్ బూట్ డిఫాల్టుగానే దాని నోరు నొక్కేస్తుంది. టైపేమో ఇంట్, విలువ రాకపోతే సున్నాగానే ఉంటుంది, కాబట్టి సున్నా. ఇంటీజర్ అని రాసుంటే కనీసం నల్ (ఏ విలువా లేదని గుర్తు) వచ్చి ఎక్కడో ఒకచోట పేలేది.

కుర్రాణ్ని ఏమనగలం? వాడు మార్చింది మా ఇంట్లో పిలుచుకునే పేరు. దాన్నే ఊరికిచ్చిన చిరునామా చేసి కూర్చున్నది మేం.

బూలియన్లది ఇంకో తలనొప్పి. ఫీల్డుకి ఈజ్‌పెయిడ్ అని పేరు పెడితే, గెట్టర్ (ఆ విలువ చదివిచ్చే మెథడ్) పేరు ముందున్న 'ఈజ్' కోసేసి జేసన్‌లో పెయిడ్ అని రాస్తుంది జాక్సన్. నాకు ఇది తెలియడానికి ఒక పూట పట్టింది.

పాత పేరూ కొత్త పేరూ రెండూ వస్తుంటే @జేసన్‌అలియాస్ ఉంది. శ్రీకాకుళాన్ని ఇంగ్లీషు వాళ్లు చికాకోల్ అని రాసేవారు కదా, అలాగన్నమాట. చికాకోల్ అని వచ్చిన ఉత్తరమూ తీసుకుంటుంది, తను రాసేటప్పుడు మాత్రం శ్రీకాకుళం అనే రాస్తుంది.

ఇప్పుడు ప్రతి ఫీల్డు మీదా పేరు రాసేశాం. కాటా నుంచి వచ్చిన అసలు జేసన్ ఒకటి దాచి, తెలియని పేరు కనిపిస్తే ఫెయిలయ్యేలా టెస్టు పెట్టాం. లైవులో మాత్రం ఆ పట్టుదల లేదు, వాళ్లు కొత్త ఫీల్డు కలిపితే మన సర్వర్ పడిపోకూడదు. మొన్న ఇంకొకడు మళ్లీ ఏదో పేరు పొట్టిగా చేశాడు. పలాస నుంచి ఫోను రాలేదు.