సెంట్రల్ పార్కుకు వెళ్ళండి, అంతా చూడొద్దు

మా అత్తయ్య, మామయ్య మొదటిసారి అమెరికా వచ్చినప్పుడు న్యూయార్క్ సెంట్రల్ పార్కుకు నేను ఎక్సెల్ షీట్‌లో ప్లాన్ వేశాను. చూడాల్సినవి పదకొండు. ఒక్కోదానికి ఇరవై నిమిషాలు. మధ్యలో "రెస్ట్" అని ఒక గడి, దానికి పదిహేను నిమిషాలు, పసుపు రంగు కూడా వేశాను. మూడో గడి దగ్గరికి వచ్చేసరికే షీట్ చిత్తయింది. మామయ్యకు మోకాలు పట్టేసింది. చిన్నాడు స్ట్రోలర్‌లో నిద్రపోయాడు. పెద్దమ్మాయి ఒక బండరాయి ఎక్కి దిగనంటోంది. ఆ బండరాయి నా పదకొండింటిలో లేదు.

ఇక్కడి మన తెలుగు సంఘంలో చాలామంది ఎండాకాలం సెలవుల్లో ఇదే పార్కుకు, ఇలాంటి ప్లాన్‌తోనే బయల్దేరుతున్నారు కాబట్టి రాస్తున్నాను. నాకు తెలిసినంతలో అక్కడ ఒక రోజు పాడవడానికి కారణం ఎండా కాదు, జనమూ కాదు. మొత్తం చూసేయాలన్న ఆరాటం.

ఫోన్‌లో మ్యాప్ చూస్తే బొటనవేలంత ఉంటుంది. నిజానికి 59వ వీధి నుంచి 110వ వీధి దాకా రెండున్నర మైళ్ళ పొడవు, అర మైలు వెడల్పు, 843 ఎకరాలు. పైగా దారులన్నీ వంకర టింకరే. అది పొరపాటున జరిగింది కాదు. 1858లో డిజైన్ పోటీ గెలిచిన ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్, కాల్వర్ట్ వాక్స్ కావాలనే అలా గీశారు. బయట ఊరంతా గళ్ళ కాగితంలా తిన్నగా ఉంటుంది కదా, లోపలికి వచ్చినవాడు ఆ సంగతి మరిచిపోవాలని వాళ్ళ ఉద్దేశం. అడ్డంగా పోయే కార్ల రోడ్లను కూడా కనబడకుండా కిందికి దించేశారు. ఎల్మ్ చెట్ల మధ్య తిన్నగా సాగే "మాల్" అనే నడకదారి ఒక్కటే దీనికి మినహాయింపు. మనుషులు మెల్లగా, దారి తప్పుతూ తిరగడానికి కట్టిన చోట మనం ఇరవై నిమిషాల గడులు పెట్టుకుని పరిగెత్తుతాం. మ్యాప్‌లో పది నిమిషాలన్న దూరం స్ట్రోలర్‌తో, పెద్దవాళ్ళతో అరగంట పట్టిందంటే తప్పు మ్యాప్‌ది కాదు.

ఆ రోజు అసలు టెన్షన్ మాత్రం తర్వాత మొదలైంది. "మీరు వెళ్ళి రండి, నేనిక్కడే కూర్చుంటా" అని అత్తయ్య ఒక బెంచీ మీద కూర్చున్నారు. మేం తిరిగి వచ్చేసరికి బెంచీ ఖాళీ. ఫోన్ చేశాను.

"అత్తయ్యా, ఎక్కడున్నారు?"

"ఇక్కడే అమ్మా, చెట్టు దగ్గర."

పార్కులో పద్దెనిమిది వేలకు పైగా చెట్లున్నాయి.

"ఇంకేం కనిపిస్తోంది?"

"నీళ్ళున్నాయి. పిల్లలు బొమ్మ పడవలు వదులుతున్నారు. చాలా బాగుంది, మీరూ రండి."

పక్కన కుక్కను తిప్పుకుంటున్న ఒక పెద్దాయన నా మొహం చూసి, దగ్గర్లో ఉన్న దీపస్తంభం మీది నంబరు చదవమని చెప్పు అన్నాడు. ఆ పార్కులో ప్రతి లైటు స్తంభానికీ చిన్న లోహపు పట్టీ ఉంటుంది, దాని మీద అంకెలు. పెయింటు పొరల కింద కాస్త మసకగా ఉంటాయి కానీ దగ్గరికెళ్తే చదవొచ్చు. మొదటి అంకెలు దగ్గర్లోని వీధి నంబరు. చివరి అంకె సరి సంఖ్య అయితే తూర్పు వైపు, బేసి అయితే పడమర. అత్తయ్య కళ్ళజోడు తీసి, పెట్టి, ఒక్కో అంకే చదివారు: ఏడు, ఐదు, సున్నా, ఆరు. అంటే 75వ వీధి, తూర్పు వైపు. పది నిమిషాల్లో చేరుకున్నాం. ఇంత ఉపయోగపడే విషయం నా ఎక్సెల్ షీట్‌లో ఒక్క గడిలోనూ లేదు.

అప్పటి నుంచి మా ప్లాన్ తలకిందులైంది. ఏం చూడాలి అన్నది ఆఖరి ప్రశ్న. మనలో అందరికంటే మెల్లగా నడిచేది ఎవరు, వాళ్ళు ఎక్కడ కూర్చుంటారు, బాత్రూమ్ ఎంత దూరం, ఏ గేటు నుంచి బయటపడతాం, ఇవి ముందు తేల్చుకుంటాం. ఇదంతా పెద్దవాళ్ళ కోసం చేస్తున్న త్యాగం అనుకునేవారికి ఒక మాట. ఆ రోజు మా అమ్మాయి దిగనన్న బండరాయి పేరు అంపైర్ రాక్. దాదాపు 45 కోట్ల ఏళ్ళ నాటి రాయి, మంచుయుగంలో హిమానీనదం గీరుకుంటూ పోయిన చారలు దాని మీద ఇప్పటికీ చేతికి తగులుతాయి. పక్కనే హెక్‌షర్ ప్లేగ్రౌండ్, 1926 నాటిది, పార్కులోని 21 ఆటస్థలాల్లో అన్నిటికంటే పెద్దది. మెల్లగా నడిచేవాళ్ళ లెక్కన వెళ్తే పిల్లలకు ఇలాంటి చోట గంట దొరుకుతుంది. అందరూ ఫోటోలు దిగే బెథెస్డా ఫౌంటెన్ ముందు ఫోటో దిగి, పద పద అంటే వాళ్ళకు మిగిలేది ఆ ఫోటోయే.

రైలు సంగతి చిన్నదే కానీ ఏటా ఎవరో ఒకరు దెబ్బతింటారు. పార్కు పడమటి అంచున ఉన్న 72, 81, 86 వీధుల స్టేషన్లలో బి, సి రైళ్ళు ఆగుతాయని మ్యాప్‌లో ఉంటుంది. బి రైలు శని, ఆదివారాల్లో నడవదు. మనం వెళ్ళేది ఆ రెండు రోజుల్లోనే. మోకాళ్ళ నొప్పులుంటే లిఫ్ట్ ఉన్న స్టేషన్ చూసుకోండి. పార్కు నైరుతి మూల, 59వ వీధిలోని కొలంబస్ సర్కిల్ స్టేషన్‌లో ఉంది.

ఇక గడ్డి. దుప్పటి పరుచుకుని కూర్చోవడానికి అందరూ షీప్ మెడో అంటారు. పదిహేను ఎకరాలు, 1934 దాకా నిజంగానే గొర్రెలు మేసిన చోటు. బాగుంటుంది, కాదనను. కానీ చుట్టూ కంచె ఉంటుంది. చలికాలం మూసేస్తారు, వాన పడి నేల తడిస్తే మూసేస్తారు. లోపల బంతాటలు కుదరవు. క్రికెట్ బ్యాటు తెచ్చుకుని గేటు దగ్గర నిలబడిన కుటుంబాన్ని నేనే చూశాను. మన సంఘం పిక్నిక్‌లకూ ఇది వర్తిస్తుంది. ఇరవై మందికి మించి కలుసుకునే కార్యక్రమానికి పార్కుల శాఖ నుంచి ముందే పర్మిట్ తీసుకోవాలి. పొయ్యి వెలిగించకూడదు, బెలూన్లు కట్టకూడదు. పుట్టినరోజు అనగానే బెలూన్లు ఊదే మనవాళ్ళకు ఇది మింగుడుపడదు. పక్షులకూ చెట్లకూ పట్టుకునే చెత్త ఎంతని చూస్తే నాకు మాత్రం సబబే అనిపిస్తుంది.

ఒక జాగ్రత్త. కిందికి దించిన ఆ అడ్డరోడ్లు తప్ప, 2018 నుంచి పార్కు లోపలి రోడ్ల మీద కార్లు లేవు. కార్లు లేవని పిల్లల చెయ్యి వదిలేస్తాం. పార్కును చుట్టి వచ్చే ఆ ఆరు మైళ్ళ రోడ్డు మీద సైకిళ్ళు కార్ల కంటే చప్పుడు లేకుండా వస్తాయి.

పిల్లలు కాస్త పెద్దవాళ్ళయితే పడమటి వైపు 82, 89 వీధుల మధ్య ఒకసారి ఆగండి. అక్కడ సెనెకా విలేజ్ అనే ఊరుండేది. 1825లో నల్లజాతివారు భూములు కొనుక్కుని మొదలుపెట్టారు. ఇళ్ళు, చర్చీలు, బడి, అన్నీ ఉండేవి. పార్కు కోసం 1857కల్లా ఊరంతా ఖాళీ చేయించారు. ఇప్పుడక్కడ కనిపించేది పచ్చదనమే, కొన్ని బోర్డులు. ప్రాజెక్టుల కింద మునిగిన ఊళ్ళ సంగతి తెలిసిన మామయ్య ఆ బోర్డు ముందు చాలాసేపు నిలబడ్డారు. "డబ్బులిచ్చారా?" అని అడిగారు. భూమి ఉన్నవాళ్ళకు ఇచ్చారు, తక్కువన్న గొడవలూ నడిచాయి అన్నాను. "అంతేలే" అన్నారు.

ఒక్క పూటే ఉంటే ఎక్కడికి వెళ్ళాలని నన్నడిగితే ఉత్తరం వైపు అంటాను. వచ్చేవాళ్ళంతా దక్షిణాన 59వ వీధిలో దిగి, 72 దాటేసరికి అలసిపోతారు. పైన హార్లెం మీర్ చెరువు దాకా వచ్చేవాళ్ళు తక్కువ. నీళ్ళ చుట్టూ చదును దారి, వరసగా బెంచీలు. గట్టునే 2025లో తెరిచిన డేవిస్ సెంటర్, అందులో ఎండాకాలం ఈతకొలను. కాస్త కిందికి నడిస్తే 105వ వీధి దగ్గర కన్సర్వేటరీ గార్డెన్, ఆరెకరాల పూలతోట. ఫిఫ్త్ అవెన్యూ గేటు దగ్గర మెట్లున్నాయి, 106వ వీధి వైపు నుంచి వెళ్తే ఆ బాధ లేదు. అక్కడ సైకిళ్ళు తొక్కనివ్వరు, పాటలు మోగనివ్వరు.

పోయిన ఏడాది అత్తయ్య మళ్ళీ వచ్చినప్పుడు అక్కడికే తీసుకెళ్ళాను. షీట్ లేదు. చెరువు గట్టున రెండు గంటలు కూర్చున్నాం. పిల్లలు బాతుల్ని లెక్కపెట్టి, తప్పి, మళ్ళీ లెక్కపెట్టారు.

"ఇది అప్పటి పార్కు కాదుగా?" అన్నారు అత్తయ్య.

"అదే అత్తయ్యా."

ఆవిడ నమ్మలేదు. లేచి, కళ్ళజోడు సర్దుకుని, దగ్గర్లోని దీపస్తంభం దాకా నడిచి పట్టీ మీది అంకెల్లోకి వంగి చూశారు.

"చివర సరి సంఖ్యే. తూర్పు వైపున్నాం" అంటూ వచ్చి మళ్ళీ కూర్చున్నారు.